రెండో అంతస్తులో మూడు వందల నలభై రెండు

ఆదివారం సాయంత్రం అయిదు గంటల నలభై ఒక్క నిమిషానికి, జిల్లా రవాణా కార్యాలయం రెండో అంతస్తులో, గంటకు మూడు వందల నలభై రెండు కిలోమీటర్ల వేగంతో ఒక మోటారు సైకిలు దూసుకుపోయినట్టు సోమవారం ఉదయం బయటపడింది.

బయటపెట్టింది మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ రత్నకుమారి. కంట్రోల్ రూములో కంప్యూటరు తెరిచి ఆ వాక్యం చదివింది. మళ్ళీ చదివింది. లేచి వరండాలోకి వెళ్ళింది. వరండా పొడవు ముప్పై ఆరు అడుగులు. ఈ చివర ఫైళ్ళ బీరువా, ఆ చివర మంచినీళ్ళ డ్రమ్ము. రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. డ్రమ్ము మీద గ్లాసు కూడా కదల్లేదు.

వేగాన్ని పసిగట్టే ఆ కెమెరా నిజానికి హైవే మీద ఉండవలసినది. నాలుగు నెలల క్రితం కెమెరా వచ్చింది గాని, దాన్ని నిలబెట్టే స్తంభం మంజూరు కాలేదు. ప్రారంభోత్సవం తేదీ మాత్రం ముందే ఖరారైంది. అందుకని కంట్రోల్ రూములో ఒక స్టూలు మీద పెట్టి రిబ్బను కత్తిరించారు. అప్పటినుంచి అది స్టూలు మీదే ఉంది. ఎదుటి గోడను చూస్తోంది. ఆ గోడకు అయిదడుగుల టీవీ ఉంది. ప్రజలకు రోడ్డు భద్రత చిత్రాలు చూపించడం కోసం కొన్నది. కంట్రోల్ రూములోకి ప్రజలు రాకూడదని నిబంధన ఉంది కాబట్టి ఇంతవరకు ఎవరికీ ఏమీ చూపించలేదు.

నాలుగు నెలల్లో కెమెరా పట్టుకున్న నేరాలు సున్నా. ఇప్పుడు ఒక్కసారే మూడు.

ఒకటి, మితిమీరిన వేగం. రెండు, అదే వాహనం ఉన్నట్టుండి ఆగిపోయి, పదకొండు నిమిషాలు కదలకుండా దారికి అడ్డంగా నిలబడింది. స్టాండు వెయ్యలేదు. ఎడమపక్కకు అరవై డిగ్రీలు ఒరిగి, పడిపోకుండా నిలబడింది. మూడు, ఆగి ఉన్నంతసేపూ వాహనం మధ్యలో గుండ్రంగా తిరుగుతున్న మరో చక్రం కనిపించింది. అంటే అనుమతి లేకుండా ద్విచక్ర వాహనాన్ని ఆటోగా మార్చారు.

కెమెరా ఫొటోలో వాహనం తప్ప చుట్టూ ఏమీ లేదు. మిగతాదంతా అదే కోసేస్తుంది, చోటు ఆదా కోసం. ఎర్ర బండి, దాని మీద నిలువెల్లా తోలు దుస్తులు వేసుకున్న మనిషి, ముందు భాగంలో ఎనభై ఆరు అనే అంకె.

జిల్లా రవాణాధికారి ఉపేంద్రనాథ్ పదకొండింటికి వచ్చారు. కాగితం చదివారు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివారు.

"కెమెరా పొరపాటు పడిందేమో సార్," అంది రత్నకుమారి.

"నా సర్క్యులరు చదివారా?"

చదివింది. అందరూ చదివి సంతకాలు పెట్టారు. 'సదరు యంత్రము నమోదు చేసిన ఏ సంఘటనయైనను జరిగినట్లే భావించవలెను. జరగలేదని వాదించు సిబ్బందిపై క్రమశిక్షణా చర్య గైకొనబడును.' ఆ సర్క్యులరు ఉపేంద్రనాథ్‌కి రాష్ట్రస్థాయి ప్రశంసాపత్రం తెచ్చిపెట్టింది.

"కెమెరా ఎదురుగా టీవీ ఉంది కదా సార్. ఎవరైనా ఆదివారం వచ్చి..."

"టీవీ వినియోగ రిజిస్టరులో ఏముంది?"

"ఏమీ లేదు సార్."

"ఏమీ లేదంటే టీవీ వెయ్యలేదని అర్థం. వెయ్యని టీవీలో బండి ఎలా వస్తుందమ్మా?"

రత్నకుమారి టీవీ వైపు చూసింది. తెర నల్లగా ఉంది. దాని కింద చిన్న పెట్టెలో మాత్రం ఒక పచ్చదీపం మిణుకు మిణుకుమంటోంది.

ఆయన కూడా అటే చూశారు. తరవాత గొంతు సవరించుకున్నారు.

"ఇది నేరస్థలం. ఏ వస్తువునూ ఎవరూ తాకరాదు. ఈ గదికి తక్షణమే సీలు వెయ్యండి."

సూపరింటెండెంట్ తాతాచార్యులు లక్క తెప్పించి సీలు వేశారు. పచ్చదీపం లోపలే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం తాతాచార్యులుగారికి ఇంకొక చిన్న ఇబ్బంది ఎదురైంది. ఆఫీసు పేపరులో ఆటల పేజీ లేదు. ఎవరో శుభ్రంగా మడతపెట్టి లాగేశారు. "గళ్ళ నుడికట్టు ఆ పేజీ వెనకే ఉంటుంది," అని ఆయన సాయంత్రం దాకా బాధపడ్డారు.

*

బండి యజమానిని పట్టుకోవడం కింది అంతస్తులోని రిజిస్ట్రేషన్ల కంప్యూటరుకు నాలుగు సెకన్ల పని. ఎర్రరంగు, చివర ఎనభై ఆరు, నేరసమయంలో ఆఫీసుకు అరవై గజాల లోపల ఉన్న వాహనం. జిల్లా మొత్తం మీద ఒక్కటే తేలింది. అది మోపెడ్డు. కడలి నూకరాజుది.

మంగళవారం నూకరాజుని పిలిపించారు. తాతాచార్యులు విచారణ మొదలుపెట్టారు.

"నువ్వేం చేస్తుంటావ్?"

"గుడ్లండి. పదకొండు అంగన్‌వాడీలకి, నాలుగు హోటళ్ళకి నేనే ఏస్తానండి. గుడ్ల నూకరాజంటే ఎవరైనా చెప్తారండి."

"ఆదివారం సాయంత్రం అయిదూ నలభైకి ఎక్కడున్నావ్?"

"మీ ఆఫీసెదురుగానేనండి. నూడుల్స్ బండి మంగకి ఆరు ట్రేలు దింపుతున్నానండి."

"ఎంత స్పీడులో వచ్చావ్?"

"పద్దెనిమిదండి. ఇరవై దాటితే గుడ్డు ఊరుకోదండి."

"కెమెరా మూడొందల నలభై రెండంటోంది."

నూకరాజు వేళ్ళ మీద ట్రేలు లెక్కవేసుకున్నాడు.

"ఒక్క గుడ్డూ పగల్లేదండి," అన్నాడు.

తాతాచార్యులు రాసుకున్నారు: 'నిందితుడు వేగమును ఖండించలేదు. సరుకు క్షేమమును గూర్చి మాత్రమే ప్రస్తావించెను.'

"తోలు బట్టలున్నాయా నీకు?"

"లుంగీలున్నాయండి."

'నేరానంతరము దుస్తులు మార్చెను.'

"రెండో అంతస్తు ఎలా ఎక్కావ్? లిఫ్టులోనా?"

"మీ లిఫ్టు పని చెయ్యదు కదండీ. మా పెద్దోడు పుట్టినప్పణ్ణించీ అంతేనండి."

"అయితే మెట్లమీదుగా." ఆయన అది కూడా రాసుకున్నారు. 'భవనపు అంతర్గత లోపముల గూర్చి నిందితునికి పూర్తి అవగాహన కలదు.'

మోపెడ్డుని స్వాధీనం చేసుకున్నారు. మూడు వందలు దాటిన వాహనం సమాజానికి ప్రమాదకరం కాబట్టి, శనివారం పదకొండింటికి దాన్ని తుక్కు కింద నలిపేయాలని ఉపేంద్రనాథ్ సంతకం చేశారు. సంతకం చేసేటప్పుడు ఆయన పెన్ను రెండుసార్లు మధ్యలో ఆపడం రత్నకుమారి చూసింది. పెన్ను సరిగా రాయడం లేదేమో అనుకుంది.

మర్నాటి నుంచి నూకరాజు గుడ్లు నెత్తిన పెట్టుకుని నడిచాడు. పదకొండు అంగన్‌వాడీల్లో అయిదింటికి మాత్రమే చేరగలిగాడు. మిగతా ఆరూ శనివారం దాకా చూసి వేరేవాళ్ళను పెట్టుకుంటామన్నాయి. ఆ వారంలో అతను తాతాచార్యుల్ని మూడుసార్లు కలిశాడు.

"ఒప్పేసుకో నూకరాజూ. ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది."

"నలభైకి ఒప్పుకుంటానండి."

"మూడొందల నలభై రెండు."

"సరే, డెబ్భై ఏసుకోండి. అంతకన్నా నాకు గిట్టదండి."

"కెమెరా దగ్గర బేరాల్లేవయ్యా."

"పోనీ ఆ మూడో చక్రమైనా తీసెయ్యండి. లేని చక్రం నేనెక్కణ్ణించి తేనండీ?"

*

ఈలోగా కార్యాలయం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బుధవారం రెండో అంతస్తు వరండాలో స్పీడ్ బ్రేకరు కట్టారు. నీళ్ళ డ్రమ్ము దగ్గర జీబ్రా గీతలు గీశారు. బీరువా మీద 'ముందు మలుపు కలదు, నెమ్మదిగా పొమ్ము' అని బోర్డు పెట్టారు. ఆ అంతస్తులో పనిచేసే పదిహేడుమంది హెల్మెట్టు లేకుండా కుర్చీలోంచి లేవకూడదని ఉత్తర్వు వచ్చింది.

మొదటిరోజే తాతాచార్యులు స్పీడ్ బ్రేకరు తట్టుకుని బోర్లా పడ్డారు. తలకు హెల్మెట్టు ఉంది కాబట్టి ఏమీ కాలేదు. 'హెల్మెట్టు ధారణ వలన ఒక సీనియర్ ఉద్యోగికి ప్రాణాపాయము తప్పినది. నిర్ణయము సరియైనదని రుజువైనది' అని నివేదిక వెళ్ళింది. ఆయన మర్నాడు మళ్ళీ పడ్డారు. దాంతో నివేదికలో 'పలుమార్లు' అని చేర్చారు.

పై కార్యాలయం నుంచి గురువారం ఉదయం అభినందనలు వచ్చాయి. రాష్ట్రంలో అత్యధిక వేగాన్ని పట్టుకున్న జిల్లా ఇదేనట. మీ రెండో అంతస్తుల్లో నేరాలు ఎందుకు నమోదు కావడం లేదని మిగతా జిల్లాలను సంజాయిషీ అడిగారు. రెండు జిల్లాలు తమకు రెండో అంతస్తే లేదని రాశాయి. అలసత్వానికి కారణాలు వివరించాలని వాటికి మెమోలు వెళ్ళాయి.

అభినందన పత్రం ఉపేంద్రనాథ్ బల్లమీద పెట్టినప్పుడు ఆయన మొహంలో సంతోషం కనిపించలేదు. "కంట్రోల్ రూము సీలు ఎప్పుడు తియ్యొచ్చు?" అని మాత్రం అడిగారు.

"కేసు తేలేదాకా తియ్యకూడదని మీరే రాశారు సార్," అన్నారు తాతాచార్యులు.

ఆయన అభినందన పత్రాన్ని బోర్లించి పెట్టారు.

ఆ మధ్యాహ్నమే నేరాన్ని మళ్ళీ నడిపించి చూశారు. ఆరుగురు అటెండర్లు మోపెడ్డుని నలభై నాలుగు మెట్లు ఎక్కించారు. ఇద్దరు సాక్షుల్ని నిలబెట్టారు. నూకరాజు నెత్తిన హెల్మెట్టు పెట్టి, బీరువా దగ్గర్నుంచి డ్రమ్ము దాకా మూడు వందల నలభై రెండులో నడపమన్నారు.

"కదిలీలోపే డ్రమ్మొచ్చేత్తాదండి," అన్నాడు నూకరాజు.

"ఆదివారం ఎలా చేశావో అలాగే చెయ్యి."

నూకరాజు కిక్కు కొట్టాడు. మోపెడ్డు దగ్గి, పొగ వదిలి, తొమ్మిది కిలోమీటర్ల వేగంతో స్పీడ్ బ్రేకరు ఎక్కి ఆగిపోయింది.

"అదేం నడపడమయ్యా," అన్నారు ఉపేంద్రనాథ్. గొంతులో నిజమైన చిరాకు ఉంది. "మలుపు రాకముందే బ్రేకు వేస్తారా ఎవరైనా? మలుపులోకి దిగాక వెయ్యాలి. అప్పుడు ఒరగాలి. మోకాలు నేలకి రాసుకోవాలి. మోచెయ్యి కూడా తగలాలి. అప్పుడుగదా బండి తిరిగేది."

నూకరాజు తన మోకాలి వైపు చూసుకున్నాడు.

"అని ఎక్కడో చదివాను," అన్నారు ఉపేంద్రనాథ్.

*

ఆ సాయంత్రం రత్నకుమారి కిందికి దిగి, ఆఫీసు ఎదురుగా ఉన్న మంగ నూడుల్స్ బండి దగ్గర నిలబడింది. మంగ ఒక చేత్తో నూడుల్స్ తిప్పుతూ, సీసాకి ఆనించి పెట్టిన ఫోనులో క్రికెట్ చూస్తోంది. పక్కన ఎవరో చదువుకున్నాయన ఖాళీ ప్లేటు పట్టుకుని దీనంగా నిలబడ్డాడు.

"ఆయనకి పెట్టవేం?" అంది రత్నకుమారి.

"పెట్టను మేడంగారూ. నిన్నటి మ్యాచి నేను చూడలేదు, ఇప్పుడు చూసుకుంటున్నాను. ఈ మహానుభావుడు వస్తూనే ఎవరు గెలిచారో చెప్పేశాడు. అన్నం పెట్టే చెయ్యి అని కూడా చూసుకోలేదు."

"పొరపాటున వచ్చేసిందండి," అన్నాడు ఆయన.

"పొరపాటున ఆకలి కూడా తీర్చుకోండి."

అంతలో ఫోనులో బొమ్మ ఆగిపోయింది. బంతి వెయ్యబోతున్నవాడు గాల్లో, ఒక కాలు మీద, పక్కకు ఒరిగి నిలిచిపోయాడు. వాడి పొట్టమీద ఒక గుండ్రటి చక్రం తిరుగుతోంది.

"నెట్టు పోయింది. ఇలా ఒక్కోసారి పావుగంట నిలబడిపోతాడు," అంది మంగ.

రత్నకుమారి ఆ చక్రం వైపే చూస్తూ ఉండిపోయింది. అరవై డిగ్రీలు. స్టాండు లేదు. పదకొండు నిమిషాలు. మూడో చక్రం.

ఎలా జరిగిందో తెలిసిపోయింది. ఎవరు చేశారో కూడా దాదాపుగా తెలిసిపోయింది. సెలవు రోజుల్లో కంట్రోల్ రూము తాళాలు ఆఫీసరు, సూపరింటెండెంటు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఆదివారం సాయంత్రం తాతాచార్యులు మేనకోడలి పెళ్ళిలో నాలుగు వందలమంది ముందు వడ్డిస్తున్నారు. కాని, చెబితే ఏమవుతుంది? జరగలేదని వాదించిన సిబ్బందిపై చర్య గైకొనబడును. టీవీ రిజిస్టరులో ఏమీ లేదు. రుజువు లక్క సీలు వెనక ఉంది. సీలు తియ్యమనవలసింది ఉపేంద్రనాథే.

రెండు రోజుల్లో మోపెడ్డుని నలిపేస్తారు.

"నూకరాజుకి ఎన్ని ట్రేలు చెప్పావు ఈవారం?" అని మంగని అడిగింది.

"చీటీ రాసి ఉంచాను మేడం. వాడు రానేలేదు పాపం."

"ఆ చీటీ ఇలా ఇవ్వు."

*

శనివారం పది గంటల యాభై నిమిషాలు. కింద ఆవరణలో తుక్కు యంత్రం వచ్చి నిలబడింది. దాని పక్కన మోపెడ్డు. మోపెడ్డు సీటు మీద చెయ్యి వేసి నూకరాజు నిలబడి ఉన్నాడు. అతన్ని పైకి పిలిచారు.

రెండో అంతస్తులో తుది విచారణ. అందరూ హెల్మెట్లతో కూర్చున్నారు. ఉపేంద్రనాథ్ గడియారం చూసుకున్నారు.

"నిందితుడు చెప్పుకునేది ఏమైనా ఉందా?"

"రాత్రి ఇంట్లో అనుకున్నామండి," అన్నాడు నూకరాజు. "మూడొందల నలభై రెండూ ఒప్పేసుకుంటానండి. తోలు బట్టలూ నాయేనండి. బండొక్కటి నలపకండి. పిల్లల గుడ్లండి అవి."

తాతాచార్యులు ఉత్సాహంగా కలం తీశారు. ఉపేంద్రనాథ్ మాత్రం బల్లమీద ఉన్న పేపరువెయిట్ వైపు చూస్తున్నారు.

రత్నకుమారి లేచింది.

"ఒప్పుకోలు రాసుకునే ముందు రికార్డు పూర్తి చెయ్యాలి సార్. పదకొండు నిమిషాలు ఆగిన వాహనం ఆ తరవాత ఏమైందో మన దగ్గర వివరం లేదు. నేను బయటినుంచి తెప్పించాను." ఆమె జేబులోంచి మడతపెట్టిన చీటీ తీసింది. "చదివి వినిపిస్తాను."

"అవసరం లేదు," అన్నారు ఉపేంద్రనాథ్.

"కేసు తేలాలంటే తప్పదు సార్." ఆమె చీటీ విప్పింది. అందులో 'బుధవారం ఆరు, గురువారం నాలుగు, శుక్రవారం ఎనిమిది, పగిలినవి మార్చాలి' అని మంగ చేతిరాతతో ఉంది. అది ఆమె తప్ప ఇంకెవరూ చూడలేదు. "ఆఖరి చుట్టు. ఆఖరి మలుపు. ఎనభై ఆరో నంబరు వాహనం లోపలి వైపు నుంచి వచ్చి, ముందున్న బండిని..."

"రత్నకుమారిగారూ."

"...దాటబోతూ ఉండగా, వెనక చక్రం..."

"ఆపండి," అన్నారు ఉపేంద్రనాథ్. రెండు చేతులతో చెవులు మూసుకోబోయారు. హెల్మెట్టు అడ్డమొచ్చింది. "చెప్పకండి. నేనింకా చూడలేదు."

కింద తుక్కు యంత్రం ఇంజను ఆన్ చేసిన చప్పుడు వినిపించింది.

ఉపేంద్రనాథ్ మెల్లిగా హెల్మెట్టు తీసి బల్లమీద పెట్టారు. జుట్టు చెమటకి అతుక్కుపోయి ఉంది.

"ఆచార్యులుగారూ, ముందు కిందికి కబురు పంపి ఆ మిషను ఆపించండి. తరవాత రాసుకోండి. ఆదివారం ఇంట్లో టీవీ దొరకదండి. మా ఆవిడా, అత్తగారూ, ఇద్దరికీ సీరియళ్ళు. రోడ్డు భద్రత చిత్రాల కోసం మనం ఏడాదికి చందా కట్టిన సర్వీసులో రేసులు కూడా వస్తాయి. లైవు. అది నేను కనిపెట్టి రెండు నెలలైంది, ఇన్నాళ్ళూ ఫోన్లోనే చూశాను, ఈ పెద్ద తెర మీద చూడ్డం ఆదివారమే మొదలు. కెమెరా ఆన్‌లో ఉందన్న సంగతి నాకు తట్టలేదు. నాలుగు నెలల్నించీ ఏమీ పట్టుకోని కెమెరాని ఎవరు పట్టించుకుంటారు? ఇరవై రెండు చుట్లు చూశాను. ఆఖరి చుట్టులో తెర నిండా మనవాణ్ణొక్కణ్ణే చూపించారు, ఆఖరి మలుపులో వాడు... ఎనభై ఆరు... ఒరిగినవాడు ఒరిగినట్టే ఉండిపోయాడు. చక్రం తిరగడం మొదలైంది. పదకొండు నిమిషాలు కూచున్నాను. వాచ్‌మన్ మెట్లెక్కుతున్న చప్పుడైతే టీవీ కట్టేసి వచ్చేశాను. కింద పెట్టె కట్టడం మరిచిపోయాను. ఆ చందాకి ఒకసారి ఒక్క తెర మీదే వస్తుందండి. ఆ పెట్టె లోపల ఆన్‌లో ఉన్నంతకాలం మిగతాది నా ఫోన్లో చూద్దామన్నా రాదు. సోమవారం భయపడి సీలు వేయించాను. ఫోన్లో రాదన్న సంగతి వేయించాక గుర్తొచ్చింది. కెమెరా తప్పంటే నా సర్క్యులరు తప్పు. నిజమంటే ఇతని బండి. ఇతని బండే నయమనుకున్నాను, అది రాసుకోండి. ఆరు రోజుల్నించి పేపరు చదవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఆటల పేజీ నా సొరుగులోనే ఉంది ఆచార్యులుగారూ, చూడకుండా తిరగేసి పెట్టాను, మీ నుడికట్టు మీరు తీసుకోండి. సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను. నూకరాజూ, నీ బండి నువ్వు తీసుకెళ్ళు. ఆ గది సీలు తియ్యండి. ఎవరు గెలిచారో మాత్రం, మీకు దణ్ణం పెడతాను, ఎవరూ చెప్పకండి."